చక్రాల ఇల్లు

చిల్పూర్ గుట్ట దిగి జనగామలోకి వచ్చేసరికి డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. వెనక బాత్రూంలో లెట్రిన్ డబ్బా నిండితే వెలిగే దీపం అది. ప్రేమ్‌సింగ్ దాన్ని చూసి, చూడనట్టు కాసేపు నడిపాడు. చూడనంత మాత్రాన ఆరిపోయేదైతే లోకంలో డ్రైవర్లందరూ సుఖంగా ఉండేవాళ్లు.

పేరుకు బండి గాని లోపలంతా ఇల్లే. టెంపో ట్రావెలర్‌లో సీట్లు పీకేసి మంచం, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు పెట్టారు. మూలన బీరువా అంత బాత్రూం, అందులో తెల్లటి కుర్చీ లెట్రిన్, దాని కింద ప్లాస్టిక్ డబ్బా. బయట చిన్న తలుపు తీసి ఆ డబ్బాను సొరుగులా లాగాలి. హైదరాబాదులో బండి ఓనరు పనిలోకి తీసుకునేటప్పుడు లైసెన్సు కంటే ముందు అడిగిన మాట, "డబ్బా తీస్తవా మరి?" అని. అంతకుముందున్న డ్రైవర్లు ఆ ప్రశ్న దగ్గరే దండం పెట్టి పోయారట. ప్రేమ్‌సింగ్ తీస్తానన్నాడు. తండాలో నీళ్లు లేక, హైదరాబాదులో కిరాయి బండ్లు దొరక్క ఉన్నవాడికి ముక్కు ఎక్కడిది!

బస్టాండు దాటాక పెట్రోలు బంకులో ఆపి డబ్బా లాగబోతే అక్కడి మనిషి ఉరికొచ్చాడు. "ఏందన్నా గది? గీడ పొయ్యద్దు, నీకు దండం బెడుత." మునిసిపాలిటీ పాయఖానా కాడ ఉన్న ఆవిడ చీపురే ఎత్తింది. చివరికి సిద్దిపేట రోడ్డులో పంక్చర్ దుకాణం నబీసాబ్ దిక్కయ్యాడు. దుకాణం వెనకే ఆయన ఇల్లు, ఇంటి వెనక లెట్రిన్. ప్రేమ్‌సింగ్ డబ్బాను ఒంటికి తగలకుండా రెండు చేతులా పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, మెల్లగా నడిచి పోయాడు. ఒంపేటప్పుడు చేతుల మీద చిందింది.

నబీసాబ్ సబ్బు ఇచ్చి, తనే చెంబుతో నీళ్లు పోస్తూ అన్నాడు. "క్యా భాయ్, అత్తరు వాసనంత బండ్లనే ఉంచుతరు, అసలుది మాత్రం మా ఇంటెనకకు తెస్తరు. ఎవలు వాళ్లు?"

"మొగడు పెండ్లాలు చాచా. ఫోన్ల వీడియోలు పెడ్తరు. పోయినేడు మెక్సికో అనే దేశంల సముద్రం పొంటి గిసొంటి బండ్లనే తిరిగొచ్చిన్రట."

"మరి గా మెక్సికోల గిది ఎవలు ఎత్తిన్రో అడిగినవా?"

అడగలేదు. మధ్యాహ్నం బండి చెట్టు కింద ఆపి ఆ ఇల్లాలు సుజాత కాఫీ కాస్తుంటే, ఆమె మొగుడు నరేశ్ కెమెరా అద్దం తుడుచుకుంటూ మళ్లీ మెక్సికో మొదలుపెట్టాడు. అక్కడైతే సముద్రం ఒడ్డునే బండి ఆపి పడుకోవచ్చు, అక్కడైతే చేపలవాళ్లు బండి దగ్గరికే తెచ్చి కాల్చి పెడతారు, అక్కడైతే అడ్డు చెప్పేవాడే ఉండడు. బయల్దేరినప్పటి నుంచి ఈ 'అక్కడైతే' వినీ వినీ ప్రేమ్‌సింగ్‌కు ఆ దేశం మీదే కోపం వచ్చింది. అందుకే అడిగాడు.

"అక్కడ లెట్రిన్ డబ్బా ఎవలు తీసేటోళ్లు సార్?"

"క్యాంపుల్లో దానికో గుంట ఉంటుంది ప్రేమ్. మేమే తీసి పోసుకునేవాళ్లం," అన్నాడు నరేశ్ గొప్పగా. "అక్కడ ఎవరి పని వాళ్లదే."

"మరి ఈడ సార్?"

"ఇక్కడ నువ్వున్నావు కదా," అని నవ్వాడు. నరేశ్ చెడ్డవాడేమీ కాదు. తన కాఫీలో సగం ప్రేమ్‌సింగ్ గ్లాసులో పోసి మరీ నవ్వాడు.

ఆ నవ్వు మీదున్నప్పుడే అడగాలని ప్రేమ్‌సింగ్ గ్లాసు కింద పెట్టాడు. "సార్, మా అమ్మకు మానుకోట దవాఖానల గర్భసంచి ఆపరేషన్ అయింది. రేపు ఇంటికి తోలిస్తరు. చెల్పూర్ల మా చెల్లె కాడికి తోలాలె. మానుకోటకు జరంత తిరుగుడైతది గని చెల్పూర్ మనం భూపాలపల్లి పొయ్యే తొవ్వే సార్. ముందట సీటు మీద కూసుంటది."

ఊళ్లోవాళ్లు మానుకోట అనేది మహబూబాబాద్‌నే అని నరేశ్‌కు అర్థమయ్యేలోగా సుజాత గిన్నె దించి వచ్చింది. "అయ్యో, దానికి ఇంత మొహమాటం ఎందుకు? తప్పకుండా తీసుకెళ్దాం. అమ్మ మీ లంబాడా బట్టలు కట్టుకుంటుందా? ఆ అద్దాల లంగా, ముసుగూ?"

"కడ్తది మేడమ్."

"ఎంత బాగుంటుందో వీడియోలో!"

ప్రేమ్‌సింగ్ గుండె మీది బరువు దిగింది. డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, కుట్లు మానేదాకా గొంతుక్కూర్చోకూడదు, కుర్చీ లెట్రిన్ మీదే కూర్చోవాలి, మూత్రం మాత్రం ఆపుకోకూడదు అని. చెల్లెలు జమ్లీ ఇంట్లో దానికోసం ఆమె మొగుడు ప్లాస్టిక్ కుర్చీ నడుమ కోసి సిద్ధంగా పెట్టాడు. మానుకోట నుంచి చెల్పూర్ దాకా అడవి, పల్లెలు, మూడు బస్సులు మారాలి. కుర్చీ లెట్రిన్ ఉన్నది ఈ ఒక్క బండిలోనే. అతను అడిగింది సీటు అయినా మనసులో ఉన్నది అదే. దాన్ని విడిగా అడగాలని మాత్రం తోచలేదు. తండాలో గడప లోపలికి రమ్మన్నాక ఇక నీళ్లు తాగనా, మంచమెక్కనా అని ఎవరూ అడగరు. అడిగితే ఇంటివాళ్లకే అవమానం.

మర్నాడు దవాఖానా మెట్ల మీద తల్లి ద్వాళి ప్రేమ్‌సింగ్ భుజం పట్టుకుని నిలబడింది. దవాఖానాలో ఇచ్చిన నైటీ, నెత్తిన తువ్వాల. మనిషి సగమైంది. సుజాత ఎదురొచ్చి నమస్కారం పెట్టింది గాని మొహంలో వెలితి కనబడింది.

"డ్రెస్ లేదా ప్రేమ్?"

"సంచిల ఉన్నది మేడమ్. కుట్లు పచ్చిగున్నయి, లంగ బరువు..."

"కాసేపే. మధ్యలో చెరువు దగ్గర రెండు ముక్కలు తీసుకుని, తర్వాత మార్చేసుకోవచ్చు."

ప్రేమ్‌సింగ్ తల్లి వైపు చూశాడు. ద్వాళికి తెలుగు బాగానే వచ్చు. నలభై ఏళ్లు తెలుగువాళ్ల చేలలో మిరప ఏరిన మనిషి. కొడుకు నోరు తెరవకముందే ఆమె సంచి అందుకుంది. దవాఖానా వరండా మూల ఒక ఆయా అడ్డం నిలబడితే గవ్వలూ అద్దాలూ కుట్టిన ఎర్ర లంగా, రవిక తొడుక్కుంది. తలమీద చెండ్లు వేలాడే తుక్రీ కప్పుకుని వచ్చింది. నాడా కట్టుకునేటప్పుడు నొప్పికి పెదవి కొరికిన గాటు కనబడుతూనే ఉంది.

"మంది బండి ఎక్కుతున్నం, మందికి నచ్చినట్టు ఉండాలె," అంది తమ భాషలో. "నీ కొలువు ఇబ్బందిల పడొద్దు."

నర్సంపేట దాటాక అడవి మొదలైంది. చెరువు కనబడగానే నరేశ్ బండి ఆపించాడు. ద్వాళిని గట్టు మీద నడిపించారు. నీళ్ల వైపు చూడమన్నారు, వెనక్కి తిరిగి నవ్వమన్నారు. ఎండ మబ్బు చాటుకు పోయిందని మళ్లీ నడిపించారు. ఆమె అన్నీ చేసింది. బండి దగ్గరికి వచ్చి తలుపు పట్టుకుని కొడుకు చెవిలో, "బేటా, పోవాలె, ఆగేటట్టు లేదు," అంది.

ప్రేమ్‌సింగ్ వెనక తలుపు తీశాడు. తల్లిని చెయ్యి పట్టి మెట్టు ఎక్కించబోతుంటే లోపల నుంచి నరేశ్ చటుక్కున లేచాడు.

"ఏంటి ప్రేమ్? ఏం కావాలి?"

"బాత్రూం సార్. అమ్మకు."

నరేశ్ సుజాత వైపు చూశాడు. సుజాత ఫోను వైపు చూసింది. ఇద్దరిలో ఎవరికీ కాదనడం ఇష్టం లేదు, ఎదుటివాళ్లు అంటే బాగుండునని ఇద్దరికీ ఉంది. చివరికి నరేశే గొంతు సవరించుకున్నాడు. "అదీ... తప్పుగా అనుకోకు. మేం పడుకునే చోటు కదా. ఆపరేషన్ అయిన మనిషి, ఇన్‌ఫెక్షన్లూ అవీ ఉంటాయి. ఆమెకూ మంచిది కాదు. ముందు బంక్ ఏదో వస్తుంది చూడు."

"కింద కూసునరాదు సార్. కుర్చీదే కావాలె. పొద్దుగాల నేనే కడిగిన, సాఫ్‌గున్నది. మల్ల కడుగుత సార్, ఫినాయిలేసి కడుగుత."

"నువ్వు కడుగుతావని తెలుసు ప్రేమ్," అంది సుజాత మెత్తగా. "అది కాదు. అందరూ చెట్ల వెనక్కి వెళ్తారు కదా ఇక్కడ. నేను కాపలా ఉంటాను కావాలంటే."

అంత మెత్తగా చెప్పకుండా తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి ఒక మాట అనొచ్చు. ప్రేమ్‌సింగ్ మెట్టు మీద పెట్టిన తల్లి కాలు కిందికి దించాడు. తలుపు మూశాడు. వాళ్ల పియ్యి చేతుల్తో ఎత్తినవాణ్ని, కన్నతల్లికి ఒక్క ఘడియ ఆ కుర్చీ ఇప్పించలేకపోయానే అనుకున్నాడు. తోసుకుని ఎక్కించి ఉంటే ఏం చేసేవాళ్లు? ఓనరుకు ఫోను చేసేవాళ్లు, అంతే. ఆ 'అంతే'కే అతను భయపడ్డాడు.

మల్లంపల్లి దగ్గర బంకు వచ్చింది. లెట్రిన్ కింద కూర్చునేది, గడప ఎత్తు. ద్వాళి గోడ పట్టుకుని లోపలికి పోయింది. ప్రేమ్‌సింగ్ బయట నిలబడి చెవులు మూసుకున్నాడు. ఆమె మూలుగు వినబడింది, తర్వాత ఏమీ వినబడలేదు. తలుపు తీసుకుని వచ్చినప్పుడు లంగా అంచు నల్లగా తడిసి కాళ్లకు అంటుకుంది. కొడుకు మొహం చూడలేదు. తిన్నగా బండి దగ్గరికి పోయి, సీటు ఎక్కబోయి ఆగింది. పరాయివాళ్ల సీటు. నెత్తి మీది తుక్రీ లాగి నాలుగు మడతలు పెట్టి సీటు మీద పరిచి, దాని మీద కూర్చుంది.

ఎదిగిన కొడుకు ముందర లంబాడి ఆడది తల మీద బట్ట తీయదు. ప్రేమ్‌సింగ్ తల్లి జుట్టును పట్టపగలు చూడటం అదే మొదలు. తెల్లగా, పల్చగా, పిలకలా ఉంది. అతను మెడలోని రుమాలు తీసి ఇవ్వబోయాడు. చెమటా చేతుల మురికీ తుడుచుకున్న రుమాలు. ఇవ్వలేక మళ్లీ మెడకే చుట్టుకున్నాడు.

వెనక కిటికీ జరిపి సుజాత అడిగింది. "అమ్మ ముసుగు తీసేసిందేం? ఉంటే బాగుండేది."

"ఉడుకపోస్తున్నది మేడమ్," అన్నాడు ప్రేమ్‌సింగ్.

చెల్పూర్ చేరేసరికి ఎండ దిగింది. కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడే సందులో జమ్లీ ఇల్లు. బండి చప్పుడు విని ఆమె చీపురు పడేసి ఉరికొచ్చింది. తల్లి దిగింది. తల మీద బట్ట లేని తల్లిని చూసి జమ్లీ వెంటనే తన చీర కొంగు లాగి ఆమె నెత్తిన కప్పి మెడ వాటేసుకుంది. ఇద్దరూ అలాగే నేల మీదికి ఒరగబోయి, నొప్పికి ఆగి, బండికి ఆనుకుని నిలబడ్డారు. ద్వాళి రాగం ఎత్తుకుంది.

ఢావ్లో అంటారు దాన్ని. ఎడబాటు తర్వాత కలిసిన ఆడవాళ్లు మెడ మీద మెడ వేసుకుని, కడుపులో ఉన్నదంతా రాగం తీసి ఏడుస్తారు. ఏడవకుండా పలకరిస్తే పరాయివాళ్ల కింద లెక్క. ఆ రాగంలో చెప్పింది ఎవరూ మధ్యలో ఆపకూడదు, తర్వాత ఎత్తి అడగకూడదు. ఆడవాళ్లకు తండాలో దొరికే కోర్టు అదొక్కటే.

నరేశ్ అప్పటికే కెమెరాతో దిగాడు. సుజాత ఇటు పక్కకొచ్చింది. సరిగ్గా అప్పుడే ప్లాంటు వైపు నుంచి ఆవిరి వదిలిన హోరు మొదలైంది. అయినా దగ్గరున్న ప్రేమ్‌సింగ్‌కు ప్రతి మాటా వినబడింది.

ఓ నా బిడ్డా, చక్రాల మీది ఇంట్ల కూసోని వచ్చిన. ఆ ఇంట్ల కుర్చీ ఉన్నది బిడ్డా, నా కొడుకు కడుగుతడు, నేను కూసోవద్దట. వాళ్లది మోసే చేతులు పెద్దయినయి, నన్ను ఎక్కిచ్చే చేతులు చిన్నగయినయి. తడిసిన లంగతోటి నీ గడప తొక్కుతున్న. నెత్తి మీది బట్ట కింద ఏసుకున్న. నీ అత్త సూడకముందే నా నెత్తి కప్పు బిడ్డా, నా సిగ్గు కప్పు.

జమ్లీ కూడా రాగం అందుకుని ఏడ్చింది. ప్రేమ్‌సింగ్ టైరు పక్కన కూలబడ్డాడు. నన్ను ఎక్కిచ్చే చేతులు చిన్నగయినయి అన్న మాట దగ్గరే అతను ఆగిపోయాడు. తల్లి తిట్టలేదు. తిట్టకుండా ఉన్నదున్నట్టు చెప్పింది.

నరేశ్ కెమెరా దించాడు. సుజాత కళ్లు తుడుచుకుంది. నిజంగానే తుడుచుకుంది. "ఎంత బాగా స్వాగతం చెప్పుకుంటారు మీరు! మనం అసలు హలో అనడం కూడా మర్చిపోయాం."

సాయంత్రం బండి ముందు కుర్చీలు వేసుకుని ప్రేమ్‌సింగ్‌ను పిలిచారు. నరేశ్ ఒళ్లో ల్యాప్‌టాప్. "ఆ పాటకు అర్థం చెప్పు ప్రేమ్. కింద తెలుగులో వేద్దాం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చుట్టాలొచ్చిన సంబరం పాట అని ఒక అబద్ధం ఆడితే ఇద్దరూ మురిసిపోయి రేపే పెట్టేస్తారు. పెడితే? తమ భాష తెలిసినవాళ్లు ఒక్క ఈ జిల్లాలోనేనా, ఒక్క ఈ రాష్ట్రంలోనేనా? ప్రతి తండాలో ప్రతి ఫోనులో ద్వాళి తడిసిన లంగా సంగతి మోగుతుంది. చెబుదామంటే, కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది. అయినా నిజం తెలిస్తే సిగ్గుపడి తీసేస్తారనుకున్నాడు. మనిషన్నవాడు సిగ్గుపడతాడు కదా.

చెప్పాడు. తల వంచుకుని, ఒక్కో ముక్కా చెప్పాడు. తన చేతుల గురించి అన్న మాట కూడా దాచలేదు.

సుజాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నరేశ్ ల్యాప్‌టాప్ సగం మూశాడు. "ఛ," అన్నాడు. "మేం ఎంత పని చేశాం!"

"తీసెయ్యండి సార్ గది. మీ కాళ్లు మొక్కుత."

"తీసెయ్యడమా?" నరేశ్ తల ఎత్తాడు. కళ్లలో నీళ్లున్నాయి, వాటి వెనక ఇంకేదో మెరుపూ ఉంది. "లేదు ప్రేమ్. ఇది జనం చూడాలి. మా తప్పు మేమే ఒప్పుకుంటాం, మొహం చూపించి చెబుతాం. అమ్మ మాటలు కింద తెలుగులో వేస్తాం, ఇంగ్లీషులో కూడా. మెక్సికోలో తిరిగిన రోజులన్నిట్లో ఇంత నిజం ఒక్కటి దొరకలేదు మాకు."

"మా అమ్మ ఇజ్జత్ సార్ అది."

"ఇజ్జత్ పోయింది మాది. ఆమెది కాదు," అంది సుజాత ఏడుస్తూ. ఆమె నమ్మే అంది. వాళ్లతో వచ్చిన చిక్కే అది. ఏం చేసినా నమ్మే చేస్తారు.

నరేశ్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ చూశాడు. మొహం చిట్లించాడు. ముందుకు జరిపాడు, వెనక్కి జరిపాడు. "ప్లాంటు చప్పుడు మింగేసింది. మాట ఒక్కటీ లేదు. గొంతు లేకపోతే ఇది దేనికీ పనికిరాదు." హెడ్‌ఫోన్లు తీసి అన్నాడు. "పొద్దున్నే ఇంకోసారి చేయిద్దాం. అమ్మకు నువ్వు చెప్పు."

ప్రేమ్‌సింగ్ ఇంట్లోకి పోయి తల్లి మంచం పక్కన కూర్చున్నాడు. నీ ఏడుపు అర్థం వాళ్లకు చెప్పాను అన్నాడు. ఇంకోసారి అన్న సంగతి నోటికి రాలేదు.

ద్వాళి గోడ వైపు తిరిగింది. "నేను నా బిడ్డ మెడ మీద ఏడ్చిన. సందుల ఏడ్వలే. నువ్వెందుకు వాళ్లకు ఎత్తి చెప్పినవు?" అంది. అన్నం కలిపి పెడితే తినలేదు.

పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. ఆపిల్‌లు, ద్రాక్ష, కొత్త శాలువా తెచ్చారు. సుజాత వంగి ద్వాళి కాళ్లకు మొక్కింది. "మమ్మల్ని క్షమించమ్మా. బండిలో బాత్రూం మీ ఇష్టం, ఎప్పుడైనా వాడుకోండి," అంది. ద్వాళి ఆమె తల మీద చెయ్యి పెట్టింది. దీవెన అడిగినవాళ్లను కాదనే అలవాటు ఆమెకు లేదు. అలా చెయ్యి పెట్టి ఉండగానే నరేశ్ చిన్న మైకు తెచ్చి నైటీ మెడకు తగిలించాడు. వెనక్కి పోయి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, బొటనవేలు ఎత్తి చూపాడు.

"అమ్మా," అంది సుజాత బతిమాలుతూ, "నిన్న ఏడ్చినట్టు ఒక్కసారి, మీ అమ్మాయిని పట్టుకుని. చప్పుడులో సరిగ్గా రాలేదు. మీ బాధ అందరికీ తెలియాలని."

జమ్లీ చేతిలోని గిన్నె నేల మీద పెట్టి లేచింది. ద్వాళి కూతుర్ని కళ్లతోనే ఆపింది. ప్రేమ్‌సింగ్ ఏదో అనబోయాడు. అతన్నీ ఆపింది. దిండు సర్దుకుని, సుజాత మొహంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి తెలుగులో చెప్పింది.

"గది పాట గాదు బిడ్డా. పాటైతే మల్లొక్కపారి పాడుదు. గది ఏడుపు. కడుపుల ఉన్నది నిన్ననే పోయింది, ఇయ్యాల లేదు. లేని ఏడుపు ఏడిస్తె ఇంట్ల పీనుగ లేస్తదంటరు మా పెద్దలు. నీకు గంత గావాలెనంటె నేను సచ్చిననాడు రా. గప్పుడు నా బిడ్డ ఏడుస్తది, తండ తండ ఏడుస్తది. నువ్వు ఎంతసేపు పట్టుకుంటె గంతసేపు ఏడుస్తరు. గప్పుడు పట్టుకో, ఎవ్వలు వద్దనరు."

చెప్పి, శాలువా మడత పెట్టి పండ్ల మీద ఉంచి మంచం చివరికి జరిపింది. సుజాత మెడ దాకా ఎర్రబడింది.

మైకు ద్వాళి గొంతు కిందే ఉంది. ఇవాళ ప్లాంటు హోరు కూడా లేదు. ప్రతి మాటా నరేశ్ చెవుల్లోకే పోయింది. అతను కెమెరా మీది నుంచి తల ఎత్తి, హెడ్‌ఫోన్లు మెడ మీదికి జార్చి, ప్రేమ్‌సింగ్ వైపు తిరిగాడు.

"అమ్మ ఏమంటోంది ప్రేమ్?"

ప్రేమ్‌సింగ్ అతని మొహం చూశాడు. ఎగతాళి లేదు, కోపం లేదు. గొంతు ఎలా పడుతోందో విన్నాడే గాని మాట వినలేదు, నిజంగానే తెలియక అడుగుతున్నాడు.

"తెలుగులనే చెప్పింది సార్," అన్నాడు. నైటీ మెడకున్న మైకు విప్పి నరేశ్ చేతిలో పెట్టాడు.